తొడుగున్న రివాల్వర్

జగదల్‌పూర్‌లో తుపాకులు బాగుచేసే ముసలి మిస్త్రీ, రివాల్వర్‌ను అరచేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు. ఆవపల్లి నుంచి నూనె వేయించడానికి తెచ్చిన రైతుకు ఆ వాలకం నచ్చలేదు.

“ఇది మీ నాయనది కాదు పటేలా.”

“ఏందే గట్లంటవ్? అదే పెద్ద బోరు గొట్టం, అవే అయిదు తూటాలు. గంతే తేలిక.”

“పాతవాటికి, కాల్చిన డొల్లలు నెట్టే పుల్ల గొట్టం కింద బయటికే కనపడ్తది. దీనికి తొడుగున్నది. ఇది తర్వాత వచ్చిన రకం.”

“తొడుగు కొత్తగ ఏసిన్రేమో?”

“గొట్టంతోనే పుట్టిన తొడుగది. ఎలుగుబంటి తరిమినప్పుడు మీ నాయన రాయి మీద పడితే ఆ పుల్ల వంగింది. సక్కగ చేసింది ఈ చేతులే. పాత రకమంటే తుపాకులు కూడబెట్టే షౌకీన్లు ఎగబడ్తరు.”

రైతు ఆఖరి ఆశగా లైసెన్సు పుస్తకం తెరిచాడు.

“నంబరు చూడు, కలుస్తది.”

“కలుస్తది. ఉన్నది గీకి, మీ నంబరు కొత్తగ కొట్టిన్రు. దొంగైతే ఎత్తుకపోతడు గని, మీ నంబరు కొట్టి ఇంకోటి తెచ్చి పెడ్తడా?”

అతను పుస్తకం మెల్లగా మూశాడు.

“దొంగ కాదు. మొన్న పాలిష్ పెట్టిస్తనని తమ్ముడు తీస్కపోయిండు. తొవ్వల పోలీసులు ఆపితే తిప్పలైతదని, ఈ పుస్తకం నేనే ఇచ్చి పంపిన.”