ఏడాది తీరకముందే

ఫ్రాన్సు నుంచి విడిపోవాలా వద్దా అని మా న్యూ కాలెడోనియాలో మూడోసారి, ఆఖరిసారి ఓట్లు వేస్తున్న ఆదివారం అది. సెప్టెంబరులో కరోనాకు భర్తను పోగొట్టుకున్న చెల్లెలు, ఆమె అన్న వాకిట్లో చాప మీద కూర్చున్నారు.

"నన్ను పోనియ్యి అన్నయ్యా. ఆరింటికి మూసేస్తారు."

"కరోనాకు పోయినవాళ్లకోసం ఏడాది దుఃఖం పాటించాలని, ఓటుకి వెళ్లొద్దని మన తెగల పెద్దలన్నారుగా. ఊళ్లో ఎవరైనా కదిలారా?"

"పోయినసారి విడిపోవడం కాస్తలో తప్పింది. ఈసారి మనదేనని ఆయన కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు."

"ఆ చొక్కాతోనేగా బావని పూడ్చాం."

"ఓటింగు వాయిదా వెయ్యమని ఫ్రాన్సువాళ్లని అడిగాంగా!"

"అడిగాం. వింటేగా! మన చావులు వాళ్లకి కలిసొచ్చాయి."

సాయంత్రం పక్కింటి రేడియో మోగింది.

"ఏమంటున్నాడు?"

"ఓటేసినవాళ్లలో నూటికి తొంభై ఆరుగురు విడిపోవద్దన్నారట."

"మనవాళ్లెవరూ వెయ్యలేదే!"

"అందుకే."

"ఏడాది తీరాక సమాధి దగ్గరికెళ్తాంగా. గెలిచామా అని ఆయన అడిగితే ఏం చెప్పను?"

"నీకోసం ఏడుస్తూ ఇంట్లోనే ఉండిపోయామని చెప్పు."

"అలా చెబితే, తను చచ్చిపోబట్టే ఓడామనుకోడూ?"