హైదర్ పాటలు

సకల జనుల సమ్మె రోజులు. కోరుట్లలో ఒక ఇంటి ముందుగదిలో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సర్వర్ దగ్గర తల్లీ కొడుకులు నిలబడి ఉన్నారు.

"దీని స్విచ్చు ఎవలు బంద్ చేసిండ్రమ్మా?"

"నేనే కొడుకా. ఊరంత బంద్ ఉంటే మనింట్ల ఇదొక్కటి మోగుతుంటే సిగ్గనిపించింది. మళ్ల వెయ్యరాదు?"

"ఏసి చూసిన, నడుస్త లేదు. పాత డిస్కులు తిరిగినన్ని రోజులు తిరుగుతయి. ఒక్కసారి ఆగి సల్లబడితే మళ్ల తిరగయి."

"అండ్ల ఏమున్నయి?"

"మన దీక్ష శిబిరంల పాడిన పాటలు. దుబాయ్ల మనోళ్లు దీంట్లకెల్లే నెట్ల రోజు వింటరు."

"హైదరన్న పాడినయి గూడనా?"

"అన్ని ఆయనయే."

"పోయిన నెలనే గదా నువ్వు పోయి ఆయనకు మట్టేసొచ్చినవ్. ఆ పాటలు ఇంకోతాన ఎక్కియ్యలేదా?"

"లేదమ్మా. ఇది ఆగుతదనుకోలే."

తల్లి సర్వర్ పక్కనే నేల మీద కూర్చుంది.

"నీ ఫోన్ల రికార్డు పెట్టు. శిబిరంల రోజు ఆయన పక్కన కూసోని విన్న, కొన్ని నోటికొస్తయి."

"ఆయన పాడినట్టే వస్తయా?"

"ఆయన ఏనాడన్న నిన్న పాడినట్టు ఇయ్యాల పాడిండా? నువ్వు పెట్టు."