పన్నెండో రోజు ఇచ్చిన కవరు

1968 వేసవిలో, తవిటయ్య పోయిన మూడో రోజున, ఆయన కూతురు భాగ్యలక్ష్మి పేర ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. వజ్రపుకొత్తూరు దగ్గర ఆ ఊళ్లో బడి మాస్టారే పోస్టుమాస్టరు కూడా. మైల ఇంటికి శుభవార్త చేర్చకూడదని ఆయన దాన్ని సొరుగులో దాచి, పన్నెండో రోజు తీసుకెళ్లి ఇచ్చారు.

"ఏటి మాస్టారూ ఇది? ఇంటర్వ్యూకి రమ్మని పిలుపు. ఆ ఇంటర్వ్యూ నిన్ననే అయిపోయింది."

"నిన్ననా? స్కాలర్‌షిప్పు వచ్చేసిందనుకున్నానమ్మా. శుద్ధి అయ్యాక ఇద్దామని..."

"మైలని కాకులు మా వాకిట్లోకి రావడం మానలేదు. మీరే మానేసేరు. నాలుగు రోజుల ముందిచ్చినా, మైలతోనే పలాసలో మెయిలు బండెక్కేదాన్ని."

"వచ్చే ఏడాది మళ్లీ రాద్దాం."

"వయసు దాటిపోద్ది. ఇంగ్లండులో వృక్షశాస్త్రం సదవడానికి ఇదే ఆఖరి అవకాశమని నాన్నకి సెప్పేను. ఉత్తరమొచ్చిందా అని మిమ్మల్ని అడిగేవోడు కాదా?"

"రోజూ అడిగేవాడు. పోయిన రోజు పొద్దున్న కూడా అడిగాడు."

ఆమె కవరు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఎందుకు రాలేకపోయేనో ఢిల్లీకి మీరే రాయండి. ఇంకోసారి పిలుస్తారేమో. మైలంటే ఆళ్లు ఒప్పుకునేటట్టు రాయండి."

"రాస్తానమ్మా."

ఆ సాయంత్రమే మాస్టారు తెల్లకాగితం తీసి తేదీ వేశారు. కింద 'సర్' అని రాశారు. వారం గడిచింది. ఆ తరవాతి వాక్యం ఇంకా రాయలేదు.