సైమా బ్యాడ్జి

ఉదయగిరి కోట కింది వీధిలో, ఇంటి అరుగు మీద బషీరున్నీసా చెక్క గరిటెలను గరుకు కాగితంతో రుద్దుతోంది. నెల్లూరు బస్సు దిగి నేరుగా వచ్చిన మనవరాలు సైమా ఎదురుగా కూర్చుంది.

“మళ్ళీ అడుగుతుండా నానీ. నా బ్యాడ్జి ఎవరు తీసినారు?”

“ఏ బ్యాడ్జి?”

“ఆస్పత్రిలో ట్రైనింగ్‌కి చేరిన మొదటి నెలలో తెచ్చి నీకు చూపించినానే, ఛాతీకి పెట్టుకునే ప్లాస్టిక్ బిళ్ళ.”

“చూపించినావు. బాగుండాది అన్నా. అయిపోయింది గదా. దోసె తిను.”

“నువ్వు తినలా?”

“గంజి తాగినాలే.”

“నానీ, ఆ ఆదివారం దాన్ని ఈడే మర్చిపోయి పోయినా. గురువారం గఫార్ మామ తెచ్చిచ్చినాడు. మధ్యలో అది యాడుండాది?”

“బీరువాలో.”

“బీరువాలో ఉంటే ఏమీ కాదు. ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో ఆ బ్యాడ్జిలో తెలిసిపోతాది. నిన్న రిపోర్టు వచ్చింది. తగలాల్సిన దానికి ఇరవై రెట్లు తగిలిందంట! మాకు ట్రైనింగ్ ఇచ్చే శ్రీకాంత్ సార్ నన్ను మిషన్ గదిలోకి రావద్దన్నాడు.”

“ఆయన నంబరియ్యి. నేను మాట్లాడతా.”

“వద్దు తల్లీ! సోమవారం లోపల కారణం రాసియ్యాలి. లేకుంటే ట్రైనింగ్ ఆపేస్తారు. అసలు దాన్ని బయటికి తేవడమే తప్పు.”

“మరెందుకు తెచ్చినావు?”

“నీకు చూపియ్యాలనే.”

“అయితే బియ్యం డబ్బాలో పెట్టినానేమో.”

“ఇప్పుడే బీరువా అన్నావు.”

“బీరువాలోనే బియ్యం డబ్బా.”

“నానీ!”

“ఎండకి పెట్టినాలే. మన ఉదయగిరి ఎండ మీ మిషన్ కంటే తక్కువా? ఎండ తగిలిందని రాయి, ఒప్పుకుంటారు.”

“ఒప్పుకోరు. ఎక్స్‌రేనో స్కానింగో తగిలితేనే అంత వస్తాది.”

“అరవబాక.”

“నేను అరవలా. నీ గొంతే బొంగురుపోయి ఉండాది.”

“పక్కింటి చెంచులక్ష్మి కోళ్ళు మే. నాలుగు నెలల్నించీ తరుముతానే ఉండా.”

“కోళ్ళ సంగతి తర్వాత.”

“అయినా నువ్వాడ చేసేది నీళ్ళ డబ్బాకి కరెంటు పెట్టడమే గదా. దానికింత పంచాయితీనా?”

“నువ్వు కరెంటు అనేది రేడియేషన్ నానీ. క్యాన్సరొచ్చిన మనుషులకి పెట్టేముందు మిషన్ సరిగ్గా ఉండాదా లేదా అని నీళ్ళలో చూసుకుంటాం. మిల్లీమీటరు కూడా తేడా రాకూడదు.”

“వీధిలో అందరికీ చెప్పినా. నీళ్ళకే ఇంత జాగ్రత్తగా పెట్టే పిల్ల, మనిషికి ఇంకెంత జాగ్రత్తగా పెడతాదో అని.”

“మాట మార్చబాక. ఆ మంగళవారం నువ్వు ఆత్మకూరు పోయినావు.”

“పెళ్ళికి పోయినా. బిర్యానీ బాగా చేసినారు.”

“ఆ పెళ్ళి ఆగిపోయిందని సాయిరా పిన్ని చెప్పింది.”

“వాళ్ళకి ఆగిపోయిందేమో. నేను తిన్నా.”

“నానీ, నా ఉద్యోగం పోతాది. ఎమ్మెస్సీ అయినాక ఇంకా ఏడాది చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు. నీకు నవ్వులాటగా ఉండాదా?”

“ఏడుస్తుండావా? ఏయ్, ఏడవబాక. కళ్ళు తుడుచుకో. చెప్తా.”

“చెప్పు.”

“నేనే పెట్టుకున్నా.”

“యాడ?”

“రవికె లోపల. ఆత్మకూరులో స్కానింగుకి పోయినప్పుడు.”

“స్కానింగుకి నా బ్యాడ్జి ఎందుకు?”

“నువ్వే గదా చెప్పినావు, ఇది పెట్టుకుంటే మిషన్ దగ్గర భయం లేదని. ఎట్టాగూ ఇంట్లోనే ఉండాది, తాయెత్తు మాదిరి పనికొస్తాదిలే అనుకున్నా.”

“అది కాపాడదు నానీ! ఎంత తగిలిందో చెప్తాది, అంతే!”

“నాకేం తెలుసు? ఆడ పిల్లోడు గొలుసు తీయమన్నాడు, తీసినా. పిన్నీసులు తీయమన్నాడు, తీసినా. దీని సంగతి మాత్రం వాడికి చెప్పలా.”

“యా అల్లా! బతికినా. ఇదే రాస్తా. ఇంటికి తెచ్చింది నేనేనని కూడా రాస్తా. తిడితే తిడతాడు సార్. ఆ స్కానింగ్ కాయితం ఇయ్యి, జతచేస్తా.”

“కాయితం ఎందుకులే.”

“తేదీ చూపియ్యాలి గదా. యాడ పెట్టినావు?”

“బియ్యం డబ్బాలో.”

“ఈసారి నిజంగానేనా? ఉండు, తెస్తా... ఆ, దొరికింది... నానీ.”

“ఊఁ.”

“స్కానింగ్ దేనికి తీయించుకున్నావు?”

“అందులో రాసుంటాది గదా. నువ్వు చదువుకున్నదానివి.”

“నీ నోటితో చెప్పు.”

“గొంతులో గడ్డంట. చిన్నదే.”

“ముక్క తీసి చూసినారా?”

“అదీ అయింది.”

“మూణ్ణెల్లు దాటింది నానీ! డాక్టరు ఏమన్నాడు?”

“కరెంటు పెట్టించుకోమన్నాడు. మీ ఆస్పత్రికే రాసిచ్చినాడు.”

“మరెందుకు రాలా? ఎందుకు చెప్పలా నాకు?”

“ఎట్టా వస్తా? నువ్వింకా నీళ్ళకి పెట్టడం నేర్చుకుంటుండావు. నీ ట్రైనింగ్ అయిపోనీ, నీ చేత్తోనే పెట్టించుకుందామని ఆగినా. ఇంకెంత మే, ఎనిమిది నెలలే గదా.”