హార్డ్ డిస్కు పాడిన పాట

ఎమ్మిగనూరులో గిడ్డమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చున్న ఉమామహేశ్వరకు ఆ సాయంత్రం ఒకటే పని. దేవేంద్రప్ప చేత ఊఁ అనిపించుకోవాలి. దేవేంద్రప్ప నాటక సమాజానికి పెద్ద, రాజు వేషమూ ఆయనదే. వచ్చే అమావాస్యకు ఆడే నాటకానికి మైకుసెట్టు ఎవరు పెట్టాలో ఆయనే చెప్పాలి. ఉమామహేశ్వర పాడైన కంప్యూటర్లు బాగుచేస్తాడు. బాగుకాని వాటితో స్పీకర్లు చేస్తానంటాడు. ఊరు నవ్వుతుంది. ఈసారి మాత్రం నవ్వకూడదు.

"చిన్న పనేలే దేవేంద్రప్పన్నా," అని మెల్లగా మొదలుపెట్టాడు. "సచ్చిపోయిన హార్డ్ డిస్కు ఒకటి విప్పితి. లోపల అద్దం మాదిరి బిళ్ల, దాని మీద సన్న చెయ్యి, ఆ చేతికి రాగితీగె చుట్ట, పక్కన అయస్కాంతం. స్పీకర్లో ఉండేదీ అదే కదప్పా! ఆంప్లిఫయర్ వైర్లు రెండూ ఆ చుట్టకు అతికిస్తి. పాట పెడ్తి. పాడె!"

అంతవరకూ ప్రతి మాటా నిజమే. దేవేంద్రప్ప ఆవలించాడు.

ఉమామహేశ్వర బెంచీ అంచుకు జరిగాడు. ఆ నోరు మూతపడే లోపల ఇంకో మాట పడాలి.

"పాడె అంటే అట్లిట్ల గాదు! పాత మానిటర్ డొల్లలో బిగిస్తే సౌండు ఎట్ల లేసిందంటే, గోడ మీద క్యాలెండర్ మూడు నెలలు ముందుకు తిరిగిపాయె!"

"మూడు నెల్లా?" అంది గిడ్డమ్మ టీ వడగడుతూ.

"అవునక్కా, నడిమిట్ల ఉగాది వచ్చిందీ తెలీలే, పోయిందీ తెలీలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క డిస్కు ఏం సాలుతాదిలే అని పన్నెండు తెచ్చి ఇత్తడి కడవలో వరసగా పేర్చి పాట పెడ్తి. అది ఎత్తుకునేతలికి మా వీధిలో మగ్గాలన్నీ దరువుకు లేసె! నూలు మోసే నాడె దానంతటదే అటు పాయె, ఇటు వచ్చె. మగ్గం గుంతలో మనిషి లేడు, తొక్కేకి కాలు లేదు. మాపటికి ఇంటింటికీ చీర తయారు! పాటలో తాళం ఎట్లుండెనో అంచు మీద పువ్వులు అట్లే పడిండె!"

బెంచీ చివర అతని పక్కింటి గురప్ప, నలభై ఏళ్లుగా మగ్గం గుంతలో కూర్చున్న మనిషి, టీ ఊదుకుంటున్నాడు. ఆయన్ని చూశాక ఇక్కడితో ఆపితే మేలని ఉమామహేశ్వరకు తోచింది. కానీ దేవేంద్రప్ప ముందుకు వంగాడు. నాలుక పలుపు తెంపుకుంది.

"ఆదోని బస్సు వస్తాండె. డ్రైవరు హారన్ కొడితే దాంట్లో గూడ మన పాటే! సౌండు అట్లే మంత్రాలయం దాకా పోయి తుంగభద్రకు తగిలె. ఏరు నిలబడె అన్నా, ఇనేకి నిలబడె! సేపలు తలకాయలు బయట పెట్టె. పైన మేఘం, మన సీమలో ఎప్పుడన్నా నిలబడిందా? మనల్ని జూసి మొగం తిప్పుకుని పోయే మేఘం, పాట అయ్యేదాకా ఆగి సప్పట్లు కొట్టె!"

"మేఘం సప్పట్లు కొట్టేదేందప్పా?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఉరుమంటే ఏమనుకొంటివి మరి?"

దేవేంద్రప్ప గ్లాసు పెదవి దగ్గరే ఆగింది. ఇంకొక్క మాట చాలు, మైకుసెట్టు మనదే అనుకున్నాడు ఉమామహేశ్వర. అప్పుడు గురప్ప దగ్గాడు.

"మహేశా, నా మగ్గం గూడ దానంతటదే నేసెనా?"

"మొదట నేసింది నీదే మామా!"

"మరి నా నడుము యాల నొస్తాండాది?"

గిడ్డమ్మ చేతిలో టీ జల్లెడ జారి గిన్నెలో పడింది. రోడ్డు అవతల ఆటోవాళ్లు కూడా నవ్వారు. గురప్ప అంతటితో వదల్లేదు.

"మొన్న నన్ను పిలిస్తివి. ఫ్యాను ఆపిస్తివి, మా ఇంట్ల మిక్సీ ఆపిస్తివి, ఆఖరికి నా మగ్గం గూడ ఆపిస్తివి. సెవి దగ్గర పెట్టు మామా, ఇంగా దగ్గర అంటివి. అప్పుడు ఇనపడె. కడవలో దోమ పాడినట్ల!"

దోమ అన్న మాట నిజంగానే కుట్టింది. ఉమామహేశ్వర చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"పాడలేదంటినా?" అన్నాడు గురప్ప, ఈసారి నెమ్మదిగా. "ఇనుప ముక్క పాడె. నాకి ఒళ్లు జలదరించె. అది సాలదా, మేఘాన్ని యాల ఈడ్చుకొస్తావు?"

దేవేంద్రప్ప నవ్వుకు తడిసిన కళ్లు తుడుచుకుని, బెంచీ మీద జరిగి జరిగి అతని పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సెవి ఆనిస్తేనే ఇనపడుతాదా? పక్కన ఉండేటోనికి?"

"ఇనపడదన్నా," అన్నాడు ఉమామహేశ్వర, తల ఎత్తకుండా.

"నా కిరీటంలో పడ్తాదా అది? నిండు కొలువులో మూడో పద్యం ప్రతిసారీ మర్సిపోతాండా. తెర ఎనక నుంచి ఎవరన్నా అందిస్తే నాకన్నా ముందు జనానికి ఇనపడి ఎగతాళి చేస్తాండారు."

ఉమామహేశ్వర తల లేచింది. మొహం వెలిగింది. "పడ్తాదన్నా! ఆ కిరీటం పెట్టుకుంటివంటే నువ్వు నోరు తెరిసే పనే లేదు, పద్యం దానంతటదే లేసి కర్నూలు దాకా..."

"మహేశా," అన్నాడు గురప్ప.

"పడ్తాది," అన్నాడు ఉమామహేశ్వర.