పిక్క కొలత

కాదు జనార్దనం సామీ, పక్క మంచంలో ఉండేటోనివి, నువ్వే చెప్పు. దగ్గని, రొమ్ములో నిమ్ము చేరిందని ఆస్పత్రికి వచ్చినోని పిక్కతో వీళ్లకేం పని? గొట్టం పెట్టి రొమ్ము చూడాల, వీపు చూడాల. అంతే గదా! ఆ పిల్ల పొద్దన్నే టేపు తీసుకోనొచ్చి, నా లుంగీ మోకాలిదంకా ఎత్తి, పిక్క చుట్టూ టేపు చుట్టి కొలుస్తాంది. ఏంది పాపా, ప్యాంటు కుట్టిస్తావా అంటే పకపకా నవ్వుతాది.

శ్రీవిద్య అంట పేరు. ఫిజియో అంట, మంచం పట్టినోళ్లను లేపి నడిపిస్తారే, ఆ పని. మాట శానా మెత్తన. నాకు ఆ మెత్తనతోనే భయం. పరుపులు కుట్టేటోణ్ణి సామీ, పైన పూల గుడ్డ ఏసి లోపల ఏం కుక్కుతారో నాకు తెలీదా?

నవ్వాకు. నువ్వు జమ్మలమడుగులో గుడి పూజారివి, వచ్చినోళ్లందరూ నీకు భక్తులే. నేను అట్ల నమ్మను. దీని వెనకాల ఎవరుండారో కనిపెట్టేసినా.

రఫీ!

మా అన్న కొడుకు సామీ. నిన్న నీకు టీ తెచ్చిచ్చినాడే, వాడే. కువైట్‌లో సామాన్లు దింపే పని చేసి వచ్చినాడు. చేతులు చూసినావా, రోకళ్ల మాదిరి! నాకు దగ్గు ఎక్కువైతే వాడే కారు మాట్లాడి లింగాల నుంచి ఈడికి, ప్రొద్దుటూరికి ఎత్తుకోనొచ్చినాడు. మధ్యలో పులివెందుల లేదా? ఆడ ఆస్పత్రులు లేవా? అదేందిరా అంటే, "ఈడైతే బాగా చూస్తారు చిన్నాయనా" అంటాడు. చూస్తాండారు గదా, పిక్కలు!

సంగతేందంటే, మొహర్రంలో మా ఊర్లో పెద్ద పీరు ఎత్తేది మా ఇల్లు. మా నాయన ఎత్తినాడు, ఆయన తర్వాత నేను. మీ సామి పల్లకికి నలుగురు బోయీలుంటారు. పీరుకు ఒక్కడే. నిలువెత్తు కట్టె, దాని కొసన ఇత్తడి పంజా, ఒంటినిండా పట్టు గుడ్డలు, పూలదండలు. మోస్తాంటే రెడ్లు గానీ బోయోళ్లు గానీ, అందరూ బిందెలతో నీళ్లు తెచ్చి నా కాళ్లమీద పోస్తారు. ఆ పొద్దు నేను పరుపుల నూరుల్లాను గాదు సామీ.

నాకు మగపిల్లోళ్లు లేరు. నా తర్వాత రఫీనే ఎత్తాల. నా తర్వాత! ఇప్పుడు గాదు. మొహర్రం దగ్గరికి వస్తాంది, నేను చూస్తే ఈడ పడుండా. నాకు సత్తువ లేదని ఆ పిల్లతో రాయించేదానికి వానికి ఇంతకంటే మంచి అదను యాడ దొరుకుతాది?

ఊహూ, వట్టి అనుమానం గాదు. ఆ పిల్ల అడిగిన మాటలు విను, నీకే అర్థమైతాది.

"తాతా, బరువులెత్తేటప్పుడు కష్టంగా ఉంటాందా?" అనింది. సరే.

"ఎవరి సాయం లేకుండా నడుస్తావా?" అనింది. సరే అనుకున్నా.

"కూర్చున్నోనివి, చేతులు ఆనించకుండా పైకి లేస్తావా?" అనింది చూడు, నా గుండె జల్లుమనింది. ఎందుకంటావా? పీర్లుండే చావిట్లో పీరును తొడమీద పెట్టుకోని కూర్చుంటాం. ఫాతెహా చదివేది అయినంక అట్లే పైకి లేయాల. రెండు చేతులూ కట్టె మీదుంటాయి, నేలకు ఆనించేదానికి చెయ్యి యాడిది? ఆ కష్టం మా ఇంటోళ్లకు తప్ప ఎవరికి తెలుసు, చెప్పు!

"మెట్లు ఎక్కుతావా?" మా చావిడికి మెట్లుండాయి సామీ!

ఆఖర్న అడిగింది అసలు మాట. "ఈ మధ్య యాడన్నా కిందపడినావా?" నిప్పుల గుండం కాడ పీరుతో పడినోనికి మళ్లా పీరు ఇయ్యరు. యాడా పడలేదమ్మా అని గట్టిగా చెప్పినా. బాత్రూములో జారింది పడినట్టు కాదులే.

అంతటితో ఊరుకునిందా? కుర్చీ ఏసి, చేతులు రొమ్ముకు కట్టుకోని లేయి తాతా, కూర్చో తాతా, మళ్లా లేయి అంటాంది. ఒకసారి లేసినా. రెండోసారికి దగ్గు వచ్చినట్టు చేసి కూలబడినా. వచ్చినట్టు చేసినా సామీ, నిజం దగ్గు గాదు!

ఇంగ ఒక ఇనుప పిడి చేతికిచ్చి, పిసుకు అనింది. పళ్లు బిగబట్టి పిసికినా. దాంట్లో ముల్లు రవ్వంత కదిలి ఆగిపోయింది. నీ మిషను చెడిపోయింది పాపా అన్నా. ఈసారి నవ్వలేదు. తలొంచుకోని రాసుకునింది.

తల తిప్పితే ఏముంది, తలుపుకాడ రఫీ! ఇద్దరూ బయటికి పోయి గుసగుసలు. "ఊరికే పడుకోనియ్యాకండి" అని ఆ పిల్ల అనేది నా చెవిన పడింది. ఇన్నావా? జబ్బుమనిషిని పడుకోనియ్యరంట! సాయంత్రం రానీ వాణ్ణి, నీ ముందరే కడిగేస్తా. ఏరా, మీ చిన్నాయన బతికుండంగనే...

ఏందీ?

నిన్నూ అడిగిందా? ఎప్పుడు? నేను ఎక్స్‌రేకు పోయినప్పుడా?

అవే మాటలా? మెట్లు? కిందపడేది గూడానా? నువ్వేం పీరు ఎత్తుతావని నిన్నడిగింది సామీ?

ఏదీ, పంచె ఎత్తు. అరె, పిక్క మీద పెన్ను గీత. నాకూ ఈడనే గీసింది చూడు.

వార్డులో ముసలోళ్లందరికీనా? వయసు మీద పడితే కండ కరుగుతాదా? మంచంలో పడుకుంటే ఇంకా బిరీన కరుగుతాదంటనా? ముందే కనిపెడితే తిండితో, కసరత్తుతో కొంచెమన్నా నిలబెట్టుకోవచ్చునా? నాకూ చెప్పే ఉంటాది సామీ. నేను యాడ విన్నా? నా చూపంతా రఫీ మొగం మీదుండె.

నీకు పాలు, పప్పు చెప్పిందా? నాకు గుడ్లు.

అయితే వాడేం చెప్పలేదు. ఆ పిల్లకు పీరూ తెలీదు, చావిడీ తెలీదు.

అయితే ఆ మిషను గూడా చెడిపోలేదు.

ఇట్ల దగ్గరికి జరుగు సామీ. పోయిన మొహర్రంలో మా పీరు ఊగింది, నీ చెవిన పడలేదా? పులివెందుల దాకా చెప్పుకున్నారే! గుండం కాడికి రాంగానే పీరుకు శక్తి వచ్చింది, ఇటూ అటూ తూలిపోయింది అని. ఆడోళ్లు కొంగులు పరిచి పొర్లినారు. పసిబిడ్డల్ని తెచ్చి నా కాళ్లకాడ పండుకోబెట్టినారు.

ఊగింది పీరు గాదు సామీ. నా చేతులు. పిడికిట్లో కట్టె నిలవదే! పడినా, అయిపోయినా అనుకున్నా. అంతలో వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి, ఆ పట్టు గుడ్డల చాటున, కట్టె అడుగున పట్టుకునింది. గుండం దాటిందంకా ఇడిసిపెట్టలేదు.

ఇంకెవరిది? వానిదే.

ఆ పొద్దు నుంచి ఈ పొద్దు వరకూ వాడు ఆ మాట ఎత్తలేదు. నాతో గూడా అనలేదు. అందుకే సామీ వాణ్ణి చూస్తే నాకు అనుమానం. మన గుట్టు తెలిసినోడు నోరు మూసుకోని టీలు తెచ్చిస్తాంటే నిద్ర పడుతుందా?

గుడ్లు తింటాలే. కుర్చీలో లేసి కూర్చుంటా, ఆ పిల్ల చెప్పినట్టే. అయినా మొహర్రం లోపల ఈ పిక్కకు కండ యాడ వస్తాది? ఈ ఏడు పీరు వానికే ఇస్తా. సాయంత్రం వస్తే నేనే చెప్తా, నువ్వు బయటపడాకు.

వాని చేతులు చూసినావు గదా. వాడు ఎత్తితే పీరు కదల్దు. గుండం ముందర నిట్టనిలువున నిలబడుతాది.

అప్పుడు మా ఊరోళ్లు ఏమంటారో తెలుసునా? "ఈ తూరి పీరుకు శక్తి లేదప్పా, నూరుల్లా ఎత్తినప్పుడు ఉండె" అంటారు.

అననీలే.