వాలు లేని చోట ఫైరింజను

వాలు లేదండీ. ముందు అది రాసుకోండి సార్. ఈ విచారణలో మీరు ఏం అడిగినా నేను మొదట చెప్పేది ఆ ఒక్క మాటే. ఈ షెడ్డులో వాలు లేదు. నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుంది. అలాంటి చోట ఫైరింజను పెడతారా ఎవరైనా?

నవ్వుతున్నారు. నవ్వండి, పర్లేదు. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ గుమాస్తాల్ని కూడా లోపలికి రమ్మనండి. రండమ్మా, కూర్చోండి. నలుగురూ వింటుంటే నాకు అబద్ధం నోట్లోంచి రాదు. ఒక్కరే ఉంటే కాస్త వస్తుంది. దేవుడు నన్నట్లా పుట్టించాడు, ఏం చేస్తాం?

నాది పై ఊరు. కొండ వాలు మీద ఉంటుంది, ఒక ఇంటి గడప ఇంకో ఇంటి కప్పుకి సమంగా. పోయినేడు దాకా మాది ఊరే. సొంత చైర్మను, సొంత బోర్డు, సొంత ఫైరింజను. కింద ఊరికీ అంతే. రెండెందుకు, ఒకటి చాలదా అనుకున్నారు పెద్దవాళ్ళు. కలిపేశారు. ఇప్పుడు మాది ఎగువ విభాగమట. ఇద్దరు చైర్మన్లకీ ఒకటే కుర్చీ. పొద్దున ఒకాయన, మధ్యాహ్నం ఒకాయన. పొద్దున వేసిన సంతకాన్ని మధ్యాహ్నం కొట్టేస్తారు. శ్మశానాలు మాత్రం రెండూ ఉంచారు. చచ్చినవాళ్ళు మేం కలవం అన్నారు కాబోలు.

బండి సంగతికి వస్తున్నానండీ, తొందరపడకండి.

మా బండికి సెల్ఫ్ పోయి పద్నాలుగేళ్ళు. తాళం తిప్పితే చిన్న దగ్గు కూడా దగ్గదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరం ఏముంది? మా స్టేషను ఊరికి నెత్తిన ఉంది. బండి ముఖం వాలు వైపు పెట్టి, ముందు చక్రాల కింద రెండు రాళ్ళు వేసేవాణ్ణి. పిలుపు వస్తే రాళ్ళు తీసి, ఎక్కి, దేవుడి మీద భారం వేసి బ్రేకు వదలడమే. టైలరు కొట్టు దాటేలోపు గేరు వేసేవాణ్ణి. ఇంజను ఘొల్లుమనేది. ఆ పద్నాలుగేళ్ళూ మంటలు స్టేషనుకి కిందే వచ్చాయి. పైన ఒక్కటీ రాలేదు. అది దేవుడి దయ కాదా చెప్పండి.

ఆ వాలు పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు సార్. రిటైరైన పంతులమ్మగారైతే ప్రతిసారీ దణ్ణం పెట్టేవారు. బండికో, దేవుడికో, నాకో. నేనెప్పుడూ అడగలేదు. నాకే అనుకుని గంట ఇంకో రెండుసార్లు ఎక్కువ కొట్టేవాణ్ణి.

ఊళ్ళు కలిశాక స్టేషను కూడా ఒకటే అన్నారు. కింద ఊరి బండి మరీ ముసలిది, దాన్ని తీసేశారు. మా బండిని కిందికి తెమ్మన్నారు. ఇక్కడ డ్రైవరు ఎవరనుకున్నారు? నా బావమరిది. అదిగో, బయట బల్ల మీద చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడే, ఆయనే. నా భార్యకి స్వయానా తమ్ముడు. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లం, అందులో నాది అల్లుడి హోదా.

దర్జాగా షెడ్డులోకి తెచ్చి నిలబెట్టాను. నేను దిగీ దిగకముందే వాడు మర్యాదగా ఎక్కి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది. నాకూ లోపల ఏదో ఆగింది. మళ్ళీ తిప్పాడు. చప్పుడు లేదు. బానెట్టు ఎత్తాడు, చూశాడు, నా మొహం చూశాడు.

"బావా, బండి తెచ్చావు సరే, కొండ ఏదీ?" అన్నాడు.

అంతేనండీ. ఇంకో మాట అనలేదు. వాళ్ళ అక్కకి కూడా చెప్పలేదు. మూడు రోజులు బండి కింద పడుకుని, సెల్ఫ్ విప్పి, బాగుచేసి, రిజిస్టరులో 'సెల్ఫ్ పనిచేస్తోంది' అని రాసి సంతకం పెట్టాడు. మీ చేతిలో ఉన్నది ఆ సంతకమే. దాని మీదే కదా ఇప్పుడు వాడి ఉద్యోగం ఆగి ఉంది.

ఇక ఆ శనివారం. మధ్యాహ్నం మూడింటికి పరుపుల కొట్టు తగలబడుతోందని కబురు. వాడు ఎక్కి తాళం తిప్పాడు. దగ్గు లేదు. పది సార్లు తిప్పాడు. చెమటలు. నేనేం చేశాను? బయటికొచ్చి కేక వేశాను, తొయ్యండి అని.

వచ్చారండీ. అరవై మంది ఉంటారు. ఊళ్ళు కలిసినప్పటినుంచీ ఎదురుపడితే మొహం తిప్పుకునే వాళ్ళు. పై ఊరి వాళ్ళు ఎడం వైపు, కింద ఊరి వాళ్ళు కుడి వైపు. మొదట బండి వంకర పోయింది. తర్వాత ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ కుదురుకున్నారు. టాంకు నిండా నీళ్ళు, ఏనుగంత బరువు. ఇంజను అందుకునే వేగం రానే లేదు. అయినా తోశారు, బజారు పొడుగునా. వాణ్ణి దిగి తొయ్యమని స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను.

వెనక ఒకాయన అందరికంటే గట్టిగా తోస్తున్నాడు. లుంగీ ఎగ్గట్టి, పళ్ళు బిగించి. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడు బండి కనబడగానే లేచి వచ్చాడట. మలుపు దగ్గర ఊపిరి పీల్చుకుని పక్కవాణ్ణి అడిగాడు.

"ఇంతకీ ఎవరిదయ్యా తగలబడేది?"

మలుపు తిరిగాం. ఆయనదే.

నవ్వకండి. ఇందాక నవ్వమన్నాను గానీ, దీనికి వద్దు. ఇంజను ఆడకపోతే పంపు ఆడదు సార్. టాంకు కింది కుళాయి తిప్పి, ఇళ్ళలోంచి బిందెలూ బకెట్లూ తెచ్చి చల్లారు. మంట ఆరింది. మనుషులకి దెబ్బ తగల్లేదు, దేవుడు చల్లగా చూశాడు. పరుపులు మాత్రం ఒక్కటి మిగల్లేదు. ఆయన మెట్టు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. బండి తోసి తోసి బొబ్బలెక్కాయి.

వాడు అబద్ధపు సంతకం పెట్టాడని మీరు రాసుకున్నారు. కనబడుతోంది, తలకిందులుగా అయినా చదవగలను.

కొట్టెయ్యండి. సెల్ఫ్ బాగానే ఉంది. తీగ ఒకటి లేదంతే.

బండిలో స్టీరింగు ముందు దేవుడి పటం ఉంది చూశారా? దాని వెనక చెయ్యి పెట్టండి. జానెడు తీగ, చుట్ట చుట్టి ఉంటుంది. శుక్రవారం నేనే పీకాను. సోమవారం చైర్మన్లిద్దరి ముందూ బండి తిప్పి చూపించాలి. అప్పుడు కదలకపోతే, ఇది వాలు బండి, పైకే పంపెయ్యండి అంటారని. పంతులమ్మగారు కనబడ్డప్పుడల్లా అడుగుతున్నారండీ. ఇక్కణ్ణుంచి మా ఊరు ఎక్కడానికి ఇరవై అయిదు నిమిషాలు, అంతసేపు నిప్పు ఆగుతుందా నాయనా అని. నేనేం జవాబు చెప్పను? నిప్పు సోమవారం దాకా ఆగుతుందని నేను మాత్రం ఎలా అనుకున్నానో.

తీగ తగిలించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ మధ్యాహ్నం కూడా ఆ రెండు నిమిషాలే పట్టేవి. అరవై మంది చూస్తుండగా దేవుడి పటం వెనక చెయ్యి ఎలా పెట్టనండీ? సిగ్గేసింది. తర్వాత బండి కదిలింది. రెండు ఊళ్ళ వాళ్ళూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. అప్పుడు సిగ్గు కూడా పోయింది. గంట కొట్టుకుంటూ కూర్చున్నాను సార్. హాయిగా ఉందండీ. దేవుడి ముందు చెబుతున్నాను, ఆ మలుపు దాకా చాలా హాయిగా ఉంది.

వాడికి తెలుసు. మంట ఆరిన సాయంత్రమే పటం కాస్త పక్కకి జరిగి ఉండటం చూశాడు. సరిచేసి పెట్టాడు, అంతే. మూడు రోజులుగా ఆ బల్ల మీద నోరు విప్పకుండా కూర్చున్నాడు, అక్క మొగుణ్ణని.

వాణ్ణి ఇంటికి పంపించండి. సంతకం నిజమైనదే. నన్నేం చేస్తారో చెయ్యండి, ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను.

ఆ మొదటి వాక్యం కూడా కొట్టేస్తున్నారా? అది ఉంచండి సార్. వాలు లేదన్నది నిజమే కదా.